నెలకు 18 వేలు మిగులుతాయని చెప్పి ఇప్పించిన ఇల్లు: నిజాంపేటలో ఒక అద్దె లెక్క

హైదరాబాద్‌లో మియాపూర్, నిజాంపేట, బాచుపల్లి, ప్రగతినగర్ వైపు పదకొండేళ్ళుగా అద్దె ఇళ్ళు చూపిస్తున్నాను. కార్డు మీద కన్సల్టెంట్ అని ఉంటుంది, జనం మాత్రం బ్రోకర్ అనే అంటారు, నాకేం పేచీ లేదు. ఇల్లు ఇప్పించి, పదిహేను రోజుల అద్దె తీసుకుని, తర్వాత ఫోన్ ఎత్తని వాళ్ళు మా లైన్లో చాలామంది. నేనూ కొన్నిసార్లు ఎత్తలేదు, అబద్ధమెందుకు. ఈ ఒక్క కుటుంబం విషయంలో మాత్రం ఇంట్లో దిగిన రోజు నుంచి ఖాళీ చేసిన రోజు దాకా మొత్తం నా కళ్ళ ముందే నడిచింది. పైగా ఆ ఇంటావిడ ప్రతి ఖర్చూ నోటుబుక్కులో రాసుకునే మనిషి. వెళ్ళేటప్పుడు ఆ పుస్తకం నా ముందు పెట్టి, "అన్నయ్యా, మీరు చెప్పిన లెక్క ఇదీ, మాకు తేలిన లెక్క ఇదీ" అంది. వాళ్ళను అడిగే ఇదంతా రాస్తున్నాను, పేర్లు మాత్రం చెప్పను.

భార్యాభర్తలు, ఆరో తరగతికి వచ్చే బాబు, ఆయన తల్లి. సొంతూరు పశ్చిమ గోదావరి. అప్పటిదాకా కొండాపూర్‌లో గేటెడ్ కమ్యూనిటీలో డబుల్ బెడ్రూమ్, అద్దె 31,000, మెయింటెనెన్స్ 3,500. 2024 మార్చిలో ఓనర్ ఫోన్ చేసి జూన్ నుంచి 35,000 ఇవ్వాలన్నాడు. కరోనా తగ్గి ఐటీ ఆఫీసులు తెరుచుకుని జనం మళ్ళీ నగరానికి వచ్చేశాక కొండాపూర్, గచ్చిబౌలి వైపు ఓనర్లందరూ ఇదే పాట, కాబట్టి ఆయన్ని అని లాభం లేదు. మెయింటెనెన్స్‌తో కలిపి 38,500. భర్తది నానక్‌రామ్‌గూడలో ఉద్యోగం, జీతం మంచిదే, కానీ ఊళ్ళో కట్టిన ఇంటి మీద లోన్ నడుస్తోంది. "అన్నీ కలిపి పాతిక వేలు దాటకుండా చూడండి" అన్నాడు. ఆ "అన్నీ కలిపి" అన్న మాటకి అర్థం నాకు ఏడాది తర్వాత తెలిసింది.

మా ఏరియా తెలియని వాళ్ళ కోసం ఒక ముక్క. నిజాంపేట, బాచుపల్లి, ప్రగతినగర్ ఒకప్పుడు పంచాయతీలు, 2019లో మూడూ కలిపి మున్సిపల్ కార్పొరేషన్ చేశారు. 2017 నవంబర్‌లో మియాపూర్‌కి మెట్రో వచ్చింది. టులెట్ ప్రకటనల్లో "మెట్రోకి పది నిమిషాలు" అని రాస్తారు, నేనూ రాస్తాను, అది నిజమే. కానీ మియాపూర్ నుంచి ఆ రైలు వెళ్ళేది అమీర్‌పేట, ఎల్బీనగర్ వైపు. హైటెక్ సిటీ వెళ్ళాలంటే అమీర్‌పేట దాకా పోయి, అక్కడ రైలు మారి వెనక్కి రావాలి. గచ్చిబౌలిలో, నానక్‌రామ్‌గూడలో పనిచేసేవాడికి ఆ మెట్రో ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

మూడు ఇళ్ళు చూపించాను.

మొదటిది బాచుపల్లిలో గేటెడ్, 1,250 చదరపు అడుగులు. అద్దె 24,000, మెయింటెనెన్స్ అడుగుకు మూడున్నర చొప్పున 4,375, దిగేటప్పుడు అసోసియేషన్ వాళ్ళకి మూవ్-ఇన్ చార్జీలు 5,000. ఫుల్ పవర్ బ్యాకప్, నీళ్ళకి ఢోకా లేదు. నెలకు 28,375 అయ్యేసరికి పాతిక దాటిందని వద్దన్నారు.

రెండోది ప్రగతినగర్‌లో ఇండిపెండెంట్ ఇంట్లో పై పోర్షన్. అద్దె 15,000, మెయింటెనెన్స్ లేదు, ముందు వేపచెట్టు, పెద్దావిడకి తెగ నచ్చేసింది. ఇక్కడ నేనే అడ్డుపడ్డాను, రెండు కారణాలతో. ఓనర్ పాన్ నంబర్ ఇవ్వనన్నాడు. భర్త పాత పన్ను విధానంలో హెచ్‌ఆర్‌ఏ, అంటే జీతంలో వచ్చే ఇంటద్దె భత్యం మీద పన్ను మినహాయింపు, క్లెయిమ్ చేసుకుంటున్నాడు, ఏడాదికి అద్దె లక్ష దాటితే ఓనర్ పాన్ ఆఫీసులో ఇవ్వాల్సిందే. కొత్త విధానంలో ఉన్నవాళ్ళకి హెచ్‌ఆర్‌ఏ ఎలాగూ లేదు కాబట్టి వాళ్ళకి ఈ గొడవ పట్టదు, ఈయనకి పడుతుంది.

రెండో కారణం కరెంటు మీటరు. కింద ఓనరు వాడకం, పైన అద్దెవాళ్ళ వాడకం అన్నీ ఒకే మీటరు మీద, లోపల సబ్ మీటరు పెట్టి యూనిట్లు పంచుకుంటారు. వినడానికి న్యాయంగానే ఉంటుంది. మన తెలంగాణ టారిఫ్‌లో యూనిట్లు పెరిగేకొద్దీ స్లాబు మారి రేటు పెరుగుతుంది కదా, అసలు దెబ్బ అక్కడ. కింద 180, పైన 190 యూనిట్లు కాలాయనుకోండి. విడి మీటర్లయితే ఇద్దరూ 200 లోపే, 2024 రేట్లలో మొదటి వంద 3.40 చొప్పున, మిగతావి 4.80 చొప్పున, ఒకరికి 724, ఇంకొకరికి 772, మొత్తం 1,496 రూపాయలు. అదే ఒక మీటరు మీద 370 యూనిట్లు పడితే మొదటి రెండొందలూ 5.10కి వెళ్ళిపోతాయి, తర్వాత వంద 7.70, మిగతా 70 తొమ్మిది రూపాయల చొప్పున, మొత్తం 2,420. ఫిక్స్‌డ్ చార్జీల జోలికి పోకుండానే 924 రూపాయలు ఎక్కువ, ఎవరూ ఒక్క యూనిట్ అదనంగా వాడకుండా. ఎండాకాలంలో ఏసీ వేస్తే చెప్పక్కర్లేదు. వేపచెట్టు చూసి మురిసిపోయి వెళ్ళిన చాలామంది మే నెల బిల్లు పట్టుకుని నా దగ్గరికి వచ్చారు, అందుకే ఇది ముందే లెక్కేసి చూపిస్తాను.

మూడోది నిజాంపేటలో కొత్త స్టాండ్‌ఎలోన్ అపార్ట్‌మెంట్. ఐదంతస్తులు, పదిహేను ఫ్లాట్లు. 1,150 అడుగుల డబుల్ బెడ్రూమ్, తూర్పు ముఖం, కబోర్డులు చేయించి ఉన్నాయి. అద్దె 18,500, మెయింటెనెన్స్ 2,000. ఓనర్ రిటైరైన ఉద్యోగి, పాన్ ఇస్తానన్నాడు. కరెంటుకి విడి మీటరు. జనరేటరు లిఫ్టుకీ మెట్ల లైట్లకీ మాత్రమే. నెలకు 20,500, కొండాపూర్‌లో కట్టాల్సిన 38,500తో పోలిస్తే నెలకు 18,000 మిగులు, ఏడాదికి 2,16,000. ఈ మాట నేనే అన్నాను, ఆ ఖాళీ హాల్లో నిలబడి. ఆయన ముఖం వెలిగిపోయింది. ఆవిడ మాత్రం పుస్తకంలో "18,000" అని రాసుకుని పక్కన ప్రశ్నార్థకం పెట్టుకుందట, తర్వాత చూపించింది.

ఇక ముహూర్తం. 2024లో శుక్ర మూఢమి ఏప్రిల్ ఆఖరులో మొదలై జులై మొదటి వారం దాకా ఉంది, అది వదిలిందో లేదో ఆషాఢం, శ్రావణం వచ్చేసరికి ఆగస్టు 5. అంటే మూడు నెలలకు పైగా మంచిరోజు లేదు. బడులు తెరిచేది జూన్ 12న. అద్దె ఇంటికి మూఢమేంటి, అది సొంతింటి గృహప్రవేశానికి కదా అని వాదించే పంతుళ్ళూ ఉన్నారు, కానీ పెద్దావిడ ఒప్పుకోలేదు. "నువ్వెన్నైనా చెప్పు నాయనా, మూఢంలో పాలు పొంగించి నా మనవణ్ణి ఆ ఇంట్లో పడుకోబెట్టను" అంది. అలాంటప్పుడు మా దగ్గర ఉండే ఉపాయం ఒకటే, మూఢం రాకముందే పాలు పొంగించేయడం, సామాను తర్వాత తెచ్చుకోవడం. ఏప్రిల్ 26, శుక్రవారం తెల్లవారుజామున పాలు పొంగించారు, పెద్దావిడ ఒక చాపా, బిందెడు నీళ్ళూ, ఉప్పూ పసుపూ అక్కడ పెట్టి వచ్చింది. అద్దె మే 1 నుంచి మొదలు. కొండాపూర్‌లో నెల రోజుల నోటీసు కాబట్టి మే 31 దాకా అక్కడా అద్దె. ఆ మే నెలంతా నిజాంపేట ఇల్లు తాళం వేసి ఉంది, 20,500 కట్టారు. మే 15 నుంచి అద్దె పెట్టించమని ఓనర్‌ని బతిమాలాను, "ఖాళీగా ఉంటే నాకేం ఇబ్బంది లేదు బాబూ, వేరేవాళ్ళు అడుగుతున్నారు" అన్నాడు. నిజంగానే అడుగుతున్నారు, ఎందుకంటే నేనే ఇంకో ఇద్దరికి చూపించి ఉన్నాను.

అగ్రిమెంటు మామూలే, వంద రూపాయల స్టాంపు పేపరు, పదకొండు నెలలు. అందరూ పదకొండే ఎందుకు అని అడుగుతుంటారు. 1908 రిజిస్ట్రేషన్ చట్టం అసలు పాఠంలో ఏడాది దాటిన లీజుకే రిజిస్ట్రేషన్ తప్పనిసరి, ఆ ఖర్చూ తిరుగుడూ తప్పించుకోవడానికి ఈ పదకొండు అలవాటైంది, కానీ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1999లో తెచ్చిన సవరణ ప్రకారం మన దగ్గర ఏ లీజైనా రిజిస్టర్ చేయించాల్సిందే. డిపాజిట్ రెండు నెలల అద్దె, 37,000. మా దగ్గర మొదటి నుంచీ ఇదే పద్ధతి. 2021లో కేంద్రం ఇచ్చిన నమూనా అద్దె చట్టంలోనూ ఇళ్ళకి రెండు నెలలే పరిమితి పెట్టారు, కాకపోతే రాష్ట్రం తెచ్చుకుంటేనే అది చెల్లుతుంది. అగ్రిమెంటులో నేను చేసిన తప్పు చివర్లో చెబుతాను, అది బయటపడింది కూడా చివర్లోనే.

జూన్ మొదటి వారంలో సామాను దిగింది. ప్యాకర్స్‌కి 14,000. దోమల మెష్‌లు, గీజర్ బిగించడం, కర్టెన్ రాడ్లు, అన్నీ కలిపి 8,500. ఇందులో మెష్‌లు వెళ్ళేటప్పుడు పీక్కుపోలేరు. నా ఫీజు 9,250. ఇన్వర్టర్ కొన్నారు కానీ అది వాళ్ళతోనే వెళ్ళింది కాబట్టి లెక్కలో వేయలేదు. బాబు బడి ఎలాగూ మార్చాలనుకున్నారు, ఆ అడ్మిషన్ ఫీజూ వేయలేదు. కొండాపూర్ ఓనర్ పెయింటింగ్ పేరుతో పట్టుకున్నదీ వేయలేదు, ఎప్పుడు ఖాళీ చేసినా అది పోయే డబ్బే.

మొదటి నాలుగు నెలలు హాయిగా గడిచాయి. ఆయన వారానికి మూడు రోజులే ఆఫీసుకి వెళ్ళేవాడు. దసరా ముందు కంపెనీ ఐదు రోజులూ రావాలంది. కొండాపూర్ నుంచి వెళ్ళే దూరంతో పోలిస్తే ఒకవైపే పదకొండు కిలోమీటర్లు ఎక్కువ, రానూపోనూ 22. ఆ మియాపూర్, హఫీజ్‌పేట ట్రాఫిక్‌లో వాళ్ళ కారు లీటరుకు పదకొండుకి మించి ఇవ్వడం లేదు. అంటే రోజుకు రెండు లీటర్లు అదనం, హైదరాబాద్‌లో అప్పుడు పెట్రోలు 107 రూపాయల పైన, రోజుకు 215. సెప్టెంబర్ దాకా నెలకు 13 రోజుల చొప్పున 52, అక్టోబర్ నుంచి మే దాకా నెలకు 21 చొప్పున 168, మొత్తం 220 రోజులు. 47,300 రూపాయలు. ఈ లెక్క నేను ఏప్రిల్‌లోనే వేసి చూపించి ఉండాల్సింది. ఇల్లు చూపించేవాడు ఇంటి గురించి మాట్లాడతాడు, దారి గురించి మాట్లాడడు, మా వృత్తిలో ఇదో జబ్బు.

నీళ్ళ విషయంలో మాత్రం తప్పు పూర్తిగా నాదే. మేము ఇల్లు చూసింది ఏప్రిల్ మధ్యలో. ఆ ఏడాది హైదరాబాద్‌లో నీళ్ళకి ఎంత కటకటో అందరికీ గుర్తుండే ఉంటుంది, వీధివీధినా ట్యాంకర్లే. ఈ అపార్ట్‌మెంటులో మాత్రం కుళాయి తిప్పితే ధార. బోరు బాగా పడిందని వాచ్‌మన్ చెప్పాడు, నేను నమ్మాను, వాళ్ళకీ గట్టిగా చెప్పాను, "నడివేసవిలో నీళ్ళున్నాయంటే ఇక భయం లేదు" అని. అప్పుడు నేను అడగని ప్రశ్న, పదిహేను ఫ్లాట్లలో ఎన్నింట్లో మనుషులున్నారు? ఆరింట్లో. ఆరు కుటుంబాలకి ఆ బోరు చాలింది. దసరాకి పది, సంక్రాంతికి పదిహేనూ నిండాయి, వాటిలో రెండు నేనే నింపాను. మనిషికి రోజుకు 135 లీటర్లు అని పట్టణాల నీటి సరఫరా లెక్కల్లో వాడే కొలత. ఫ్లాటుకి నలుగురనుకుంటే పదిహేను ఫ్లాట్లకి ఎనిమిది వేల లీటర్ల పైమాటే, అది పెద్ద ట్యాంకరుకి దగ్గర దగ్గర. ఫిబ్రవరి రెండో వారంలో బోరు గాలి పట్టింది. గంట పోస్తే రెండు గంటలు ఆపాలి. తర్వాత అదీ లేదు.

వాచ్‌మన్ దగ్గర ఒక పొడుగాటి రిజిస్టరు ఉంటుంది, ట్యాంకరు వచ్చినప్పుడల్లా తేదీ, బండి నంబరు, సంతకం. పది వేల లీటర్ల ట్యాంకరు 1,500. ఫిబ్రవరిలో పన్నెండు, మార్చిలో ఇరవై నాలుగు, ఏప్రిల్‌లో ముప్పై, మేలో ముప్పై. పదిహేను ఫ్లాట్లకి పంచితే ఫ్లాటుకి 1,200, 2,400, 3,000, 3,000, మొత్తం 9,600. డబ్బు పెద్దదేం కాదు. కానీ పొద్దున ఏడింటికి ట్యాంకరు రాకపోతే సంపు ఖాళీ, ఇంటావిడ వాట్సాప్ గ్రూపులో మెసేజ్‌లు చూసుకుంటూ బకెట్లు పట్టడం, పెద్దావిడ స్నానం ఆలస్యమైతే పూజ ఆలస్యం, ఆ టెన్షన్ అంతా నాకు ఫోన్లో వినిపించేది. ఒకరోజు పెద్దావిడే ఫోన్ తీసుకుని "బాబూ, పాలైతే పొంగాయి గానీ నీళ్ళు పొంగట్లేదు" అంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మార్చి 31తో అగ్రిమెంటు అయిపోయింది. ఓనర్ 20,500 అడిగాడు. నీళ్ళ సంగతి చూపించి 19,500కి ఒప్పించాను, పరీక్షలూ సెలవులూ చూసుకుని మే ఆఖరుకి ఖాళీ చేస్తామని వాళ్ళు అప్పుడే చెప్పేశారు. ఆ రెండు నెలలకి 2,000 ఎక్కువ.

ఇప్పుడు నా అగ్రిమెంటు తప్పు. ఏళ్ళ తరబడి వాడే ఫార్మాట్‌లో ఒక లైను ఉంది, "ఖాళీ చేయునపుడు పెయింటింగ్ నిమిత్తము ఒక నెల అద్దె మినహాయించబడును". అందరూ పెడతారు, నేనూ చదవకుండానే ప్రింటు తీస్తాను. కొత్త ఇల్లు, ఏడాది కాపురం, గోడలకి మేకులు కూడా కొట్టని కుటుంబం. ఓనర్ ఆ లైను మీద వేలు పెట్టి 18,500 పట్టుకుంటానన్నాడు. రాసిందానికి అడ్డం చెప్పలేం. దిగిన రోజు ఇంటావిడ ప్రతి గదికీ తీసిన వీడియో ఉండబట్టి, రెండూ పక్కపక్కన పెట్టి చూపించి, పెయింటర్‌ని పిలిపించి రేటు కట్టిస్తే హాలు, వంటిల్లు, రెండు గదులు ఒక్క కోటింగ్‌కి 12,000 అన్నాడు. దానికి ఒప్పుకున్నాడు. 37,000లో 25,000 చేతికొచ్చాయి. ఇప్పుడు నా ఫార్మాట్‌లో ఆ లైను తీసేసి "అసలు బిల్లు మేరకు, ఒక నెల అద్దెకు మించకుండా" అని పెట్టాను. కొంతమంది ఓనర్లు సంతకం పెట్టరు, అప్పుడు అద్దెవాళ్ళకి ముందే చెబుతాను, ఆ నెల అద్దె ఇక రాదనుకోండి అని.

పుస్తకంలో చివరి పేజీ ఇలా ఉంది. మిగలాల్సింది 2,16,000. పోయినవి, నా ఫీజు 9,250, ఖాళీ ఇంటికి కట్టిన మే నెల 20,500, ప్యాకర్స్ 14,000, బిగింపులు 8,500, ట్యాంకర్లు 9,600, పెట్రోలు 47,300, పెరిగిన అద్దె 2,000, పెయింటింగ్ 12,000. మొత్తం 1,23,150. చేతిలో నిజంగా మిగిలింది 92,850, నెలకు 7,700 పైచిల్లర. నేను చెప్పిన పద్దెనిమిది వేలలో సగం కూడా కాదు.

దాని కింద భర్త చేత్తో రాసిన ఇంకో లెక్క. రోజూ ట్రాఫిక్‌లో అదనంగా పోయిన టైము ఒకవైపు నలభై నిమిషాలు, 220 రోజులకి 293 గంటలు. 92,850ని దాంతో భాగిస్తే గంటకు 317 రూపాయలు. "అన్నా, ఈ రేటుకి నేను కారు నడిపానన్నమాట" అన్నాడు. కోపంగా కాదు, నవ్వుతూనే. అయినా ఆ మిగిలిన తొంభై రెండు వేలూ తక్కువేం కాదనీ, లోన్‌లో రెండు ఈఎంఐలు ముందే కట్టామనీ కూడా అతనే చెప్పాడు.

బాచుపల్లి గేటెడ్ తీసుకుని ఉంటే? ఈ మాట వాళ్ళు అడగలేదు, నేనే ఇంటికొచ్చి వేసుకున్నాను. నెలకు 7,875 ఎక్కువ కట్టేవాళ్ళు, ఏడాదికి 94,500. ట్యాంకరు డబ్బులు మిగిలేవి, పెట్రోలు మాత్రం అక్కడి నుంచీ తప్పేది కాదు, ఇంకాస్త ఎక్కువే అయ్యేది. అంటే డబ్బుల వరకు చూస్తే మిగులు దాదాపు సున్నా. నిజాంపేట ఇల్లు తప్పు ఇల్లు కాదు, నేను చెప్పిన అంకె తప్పు. ఏడెనిమిది వేలని చెప్పి ఉంటే వాళ్ళు బహుశా అదే ఇంట్లో దిగేవాళ్ళు, కాకపోతే ఫిబ్రవరిలో నాకు ఫోన్ చేసే గొంతు వేరేలా ఉండేది.

జూన్ నుంచి వాళ్ళు హఫీజ్‌పేటలో ఉంటున్నారు, అద్దె 25,500, మెయింటెనెన్స్ 2,800. ఆ ఇల్లు చూడ్డానికి వెళ్ళినప్పుడు ఇంటావిడ హాలు చూడలేదు, వంటిల్లు చూడలేదు, నేరుగా వాచ్‌మన్ గదికి వెళ్ళి ట్యాంకర్ల రిజిస్టరు అడిగింది. ఎన్ని ఫ్లాట్లు నిండాయో అడిగింది. ఓనర్ నా వైపు చూశాడు. ఈసారి నేను ఫీజు తీసుకోలేదు.

నిజాంపేట ఫ్లాటు జూన్ నెలంతా ఖాళీగానే ఉంది. దాని ఏప్రిల్ రిజిస్టరు పేజీని ఫోటో తీసి ఫోన్లో పెట్టుకున్నాను, ఎవరైనా చూడ్డానికి వస్తే లిఫ్టు ఎక్కకముందే చూపిస్తున్నాను. ఓనర్‌కి ఈ సంగతి తెలిసి తాళం నా దగ్గర నుంచి తీసేసుకుని ఇంకో బ్రోకర్‌కి ఇచ్చాడు.